ముందు ఓఆర్‌ఎస్, ఆ తర్వాతే బుడ్డి మందు



వానలు పడి, కుళాయి నీళ్ల రంగు మారే రోజులు వచ్చాయంటే మన ఆసుపత్రి ఓపీలో విరేచనాల కేసులు పెరుగుతాయి. కొన్నేళ్లుగా పిల్లల్ని తీసుకొచ్చే తల్లుల చేతిసంచిలో ఒక వస్తువు తరచుగా కనిపిస్తోంది. వేలెడంత ప్లాస్టిక్ బుడ్డి. అందులో కాస్త తెల్లగా, నీళ్లలా ఉండే మందు. "రెండు రోజుల నుంచి ఇది పోస్తున్నామండీ, అయినా తగ్గలేదు" అంటారు. ఓఆర్‌ఎస్ ఇచ్చారా అని అడిగితే, "అది కూడా ఇవ్వాలా అండీ? ఇది ఖరీదైన మందు కదా, చాలనుకున్నాం" అంటారు.

పెద్దవాళ్లు అడిగేది మరో రకం. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కొడుకో కూతురో ఇచ్చి వెళ్లిన క్యాప్సూల్స్ డబ్బా తీసి బల్ల మీద పెడతారు. "రోజుకొకటి వేసుకుంటే ప్రేగులు బాగుపడి రోగనిరోధక శక్తి పెరుగుతుందట. బీపీ మాత్రలతో పాటు వేసుకోవచ్చా?" అని అడుగుతారు. 2020లో కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి 'ఇమ్యూనిటీ' అనే మాట మన ఇళ్లలో ఉప్పూ పప్పూ అన్నంత మామూలైపోయింది.

ఆ బుడ్డిలో ఉన్నదీ, ఇలాంటి చాలా డబ్బాల్లో ఉన్నదీ ఒకే రకం సరుకు. వాటిని స్పోరు ప్రోబయాటిక్స్ అంటారు. వాటి గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అవి మోసం కాదు, అలాగని అద్భుతమూ కాదు. వైద్యంలో వాటికి ఒక చిన్న చోటు ఉంది. విరేచనాలైన బిడ్డకు ఆ చోటు ఓఆర్‌ఎస్, జింకుల తర్వాతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజూ కొనుక్కుని మింగవలసిన అవసరం నాకు కనబడలేదు. ఎందుకో వివరిస్తాను. ఓపికగా చదవండి.

స్పోరు అంటే ఏమిటి?

బాక్టీరియా అన్నీ చెడ్డవి కావు. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. ఆ బాక్టీరియాలో ఎక్కువ భాగం పెద్దప్రేగులోనే ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని అవి అరిగిస్తాయి, విటమిన్ కె వంటివి తయారుచేస్తాయి, బయటి నుంచి వచ్చే హానికర క్రిములకు చోటు దొరక్కుండా చేస్తాయి. ఇలా మేలు చేసే సూక్ష్మజీవులను తగినంత సంఖ్యలో, ప్రాణంతో ఉండగా, బయటి నుంచి ఇస్తే వాటిని ప్రోబయాటిక్స్ అంటారు.

ఇక్కడ 'ప్రాణంతో ఉండగా' అన్న మాటే కష్టం. పెరుగులో ఉండే బాక్టీరియా వంటివి వేడికి చనిపోతాయి. జీర్ణకోశంలోని ఆమ్లం దాటేసరికి చాలావరకు నశిస్తాయి. మట్టిలో బతికే కొన్ని బాక్టీరియాకు మాత్రం ఒక ప్రత్యేకమైన విద్య ఉంది. తిండీ తేమా కరువైనప్పుడు అవి తమ చుట్టూ గట్టి పెంకులాంటి పొరలు కట్టుకుని నిద్రలోకి వెళ్లిపోతాయి. ఆ నిద్ర రూపాన్నే స్పోరు అంటారు. తెలుగు పుస్తకాల్లో సిద్ధబీజం అని రాస్తారు. చెరువు ఎండినా అడుగున గడ్డిగింజ మిగిలి ఉండి, తొలకరి పడగానే మొలకెత్తినట్టు, స్పోరు కూడా అనుకూలమైన చోటు దొరకగానే మళ్లీ బాక్టీరియాగా మేలుకుంటుంది.

ఈ సంగతిని 1876లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలోని బాక్టీరియాలో గమనించి రాశారు. నీళ్లు మరిగించినా స్పోర్లు చావలేదు. ఆసుపత్రుల్లో ఆపరేషన్ పరికరాలను ఉడకబెట్టి ఊరుకోకుండా, ఆటోక్లేవ్‌లో ఒత్తిడితో కూడిన ఆవిరిలో 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచేది ఈ స్పోర్ల భయంతోనే. ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికి కూడా ఒక రకం స్పోర్లనే లోపల పెట్టి చూస్తారు. అవి చస్తే మిగతావన్నీ చచ్చినట్టే.

కాబట్టి కంపెనీలు చెప్పే మొదటి మాట నిజమే. స్పోరు మందుకు ఫ్రిజ్ అక్కరలేదు. మన ఎండల్లో కూడా పాడుకాదు. కడుపులోని ఆమ్లాన్ని దాటి ప్రేగుల్లోకి చేరుతుంది. కానీ చేరినంత మాత్రాన మేలు చేస్తుందని కాదు. స్పోరు కట్టుకునే విద్య మంచి బాక్టీరియాకు మాత్రమే పరిమితం కాదు. ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలో స్పోరుగానే ఉండి గాయంలోకి ప్రవేశిస్తుంది. ఆంత్రాక్స్ కూడా అంతే. బాసిల్లస్ సీరియస్ అనే మరొకటి వండిన అన్నంలో కూడా స్పోరుగా బతికి ఉంటుంది. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే మేలుకుని విషం తయారుచేస్తుంది. తర్వాత ఆ అన్నాన్ని ఎంత వేడిచేసినా, వాంతులు కలిగించే ఆ విషం పోదు. కనుక 'స్పోరు కాబట్టి మంచిది' అనే మాటకు అర్థం లేదు. ఏ బాక్టీరియా స్పోరు, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

బుడ్డిలో ఉన్నది ఏది?

మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు.

మొదటిది బాసిల్లస్ క్లాసీ. ఎంటరోజెర్మినా పేరుతో ఇటలీలో 1958 నుంచి అమ్ముతున్నారు. 5 మిల్లీలీటర్ల బుడ్డిలో 200 కోట్ల స్పోర్లు ఉండే రకం మనకు బాగా తెలిసినది. ఇప్పుడు అదే బాక్టీరియాతో ఎన్నో కంపెనీల బుడ్డులు వస్తున్నాయి.

రెండవది బాసిల్లస్ కోయాగ్యులన్స్. హైదరాబాద్‌కు చెందిన శాన్‌జైమ్ సంస్థ చాలా ఏళ్లు అమ్మిన స్పోర్లాక్ ఈ రకమే. 2022లో ఆ బ్రాండు మరో కంపెనీ చేతికి వెళ్లింది. దీని డబ్బాల మీద ఇప్పటికీ కొన్నిచోట్ల 'లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్' అనీ, 'లాక్టిక్ ఆసిడ్ బాసిల్లస్' అనీ కనిపిస్తుంది. మొదటిది ఎప్పుడో తప్పని తేలిన పేరు. లాక్టోబాసిల్లస్ జాతి అసలు స్పోర్లు కట్టదు. పాత పేరు ఉన్నంత మాత్రాన మందు చెడ్డదని కాదు గానీ, పెరుగులోని బాక్టీరియానే బుడ్డిలో పోశారని అనుకోకండి. రెండూ వేరు.

ఇంకో తేడా కూడా గమనించండి. వీటిలో కొన్ని మందుగా లైసెన్సు పొందినవి. మరికొన్ని ఆహార పదార్థంగా అమ్ముతున్నవి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే అది ఆహారంగా అనుమతి పొందిన సరుకు. ఆహారంగా అమ్ముకోవచ్చు అనడానికీ, జబ్బు తగ్గిస్తుందని రుజువైంది అనడానికీ చాలా దూరం ఉంది.

విరేచనాలకు ఎంతవరకు పనిచేస్తుంది?

బాసిల్లస్ క్లాసీని విరేచనాలైన పిల్లలకిచ్చి చేసిన ఆరు పరీక్షల ఫలితాలను 2018లో కలిపి చూశారు. మొత్తం 1,298 మంది. బుడ్డి మందు తీసుకున్న పిల్లలకు విరేచనాలు సగటున 9 గంటలు ముందు తగ్గాయి. తొమ్మిది గంటలంటే ఒక రాత్రి నిద్ర. బిడ్డతో పాటు మేలుకుని ఉన్న తల్లికి అది చిన్న విషయం కాదు. అందుకే దీన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ ఒక్క మాట. ఆ తొమ్మిది గంటలు కలిసివచ్చేది బిడ్డ ఒంట్లో నీరు నిలబడి ఉంటేనే.

అన్ని రకాల ప్రోబయాటిక్స్‌నూ కలిపి చూస్తే చిత్రం ఇంకా మసకబారుతుంది. 2020లో కాక్రేన్ సమీక్ష 82 అధ్యయనాలను, 12 వేలమందికి పైగా రోగుల వివరాలను పరిశీలించింది. రెండు రోజులు దాటి విరేచనాలు కొనసాగిన వారి సంఖ్యలో ప్రోబయాటిక్స్ వల్ల పెద్దగా తేడా ఉండకపోవచ్చని తేల్చింది. అంతకుముందు 2018లో అమెరికాలో 971 మంది పిల్లల మీద, కెనడాలో 886 మంది మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో కూడా లాభం కనబడలేదు. ఆ రెండింటిలో వాడినవి స్పోరు రకాలు కావు. అక్కడి పిల్లల పోషణ, అక్కడి నీళ్లు మనవి కావు. ఆ తేడా ఒప్పుకోవాలి. అయినా 'తప్పకుండా పనిచేస్తుంది' అని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

ఓఆర్‌ఎస్ సంగతి అలా కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు లక్షలుగా మన సరిహద్దు దాటినప్పుడు బొంగావ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది చనిపోతున్న చోట మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. నీళ్లు, ఉప్పు, చక్కెర చేసిన పని అది. విరేచనాలతో బిడ్డ చనిపోయేది చాలావరకు ఒంట్లోని నీరూ లవణాలూ వెళ్లిపోయినందువల్ల. వాటిని తిరిగి నింపేది ఓఆర్‌ఎస్. బుడ్డిలో ఉన్నది 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. అది బిడ్డ పోగొట్టుకున్న నీళ్లను నింపలేదు.

మన దేశంలో పరిస్థితి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినది నూటికి సుమారు 61 మందికి. జింకు అందినది 31 మందికే. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు ఏటా 4 లక్షల 40 వేలమంది దాకా విరేచనాల వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే ప్యాకెట్టు నూటికి 39 మంది పిల్లలకు అందని దేశంలో, ఖరీదైన బుడ్డి ముందుగా ఇంట్లోకి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

"హాని లేదు కదా, ఇస్తే ఏం పోయింది?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆరోగ్యవంతుడైన బిడ్డకు బుడ్డి మందు వల్ల సాధారణంగా హాని జరగదు. పోయేది మూడు రకాలుగా పోతుంది.

మొదటిది సమయం. 'మందు వేశాంలే' అన్న ధీమాతో ఇంట్లో గడిపిన ఒక్క రోజులో చంటిబిడ్డ కళ్లు గుంటలు పడి, మూత్రం ఆగిపోయి, స్పృహ తప్పే స్థితికి రావచ్చు. కొనేటప్పుడు ఆ ధీమా కూడా బుడ్డితో పాటే వస్తుంది. అదే ప్రమాదం.

రెండవది డబ్బు. రోజుకు రెండు మూడు బుడ్డుల చొప్పున ఐదు రోజులు వాడితే, కూలి పనికి వెళ్లే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. ఆ డబ్బుతో బిడ్డకు కోలుకునే వారంలో గుడ్లు, పాలు, అరటిపండ్లు వస్తాయి. విరేచనాల తర్వాత బరువు తగ్గిన బిడ్డకు రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా తిండి పెట్టాలని మేము చెప్పేది ఊరికే కాదు.

మూడవది మన జాగ్రత్త. ఏ మందైనా 'హాని లేదు' అని అందరికీ వర్తించదు. క్యాన్సర్ మందులు ఎక్కించుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడుతున్నవారు, ఐసీయూలో పెద్ద రక్తనాళంలో గొట్టం ఉన్నవారు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులు - వీరికి ప్రాణమున్న బాక్టీరియాను ఇవ్వడం ఆటకాదు. బాసిల్లస్ క్లాసీ రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ కలిగించిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చాలా అరుదు, కానీ ఉన్నాయి. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, నెలలు నిండని శిశువులకు ఆసుపత్రుల్లో ప్రోబయాటిక్స్ ఇవ్వడం గురించి ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే డాక్టరును అడగకుండా బుడ్డి గాని, డబ్బా గాని ముట్టుకోకండి.

యాంటీబయాటిక్‌కు తోడు

యాంటీబయాటిక్ వేసుకుంటే విరేచనాలు అవుతాయని చాలామందికి అనుభవం. ఆ మందు హానికర క్రిములతో పాటు ప్రేగుల్లోని మంచి బాక్టీరియానూ చంపుతుంది. ఇక్కడ ప్రోబయాటిక్స్‌కు మంచి ఆధారమే ఉంది. పిల్లల మీద జరిగిన 33 పరీక్షలను 2019లో సమీక్షిస్తే, యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు నూటికి 19 మందిలో కనిపించాల్సినవి 8 మందికి తగ్గాయి. ఎక్కువ మద్దతు దొరికింది లాక్టోబాసిల్లస్ రామ్నోసస్‌కు, సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టుకు. ఈ రెండూ స్పోరు బాక్టీరియా కావు. మరోవైపు 2013లో ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో 65 ఏళ్లు దాటిన 2,900 మందికి పైగా రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో లాభం కనబడలేదు. కాబట్టి ఇది డాక్టరు రోగిని చూసి తీసుకోవలసిన నిర్ణయం.

నాకు కష్టంగా ఉండేది మరొకటి. మన దేశంలో యాంటీబయాటిక్‌లోనే లాక్టిక్ ఆసిడ్ బాసిల్లస్ కలిపి ఒకే మాత్రగా అమ్ముతున్నారు. పేరు చివర 'ఎల్‌బి' అని ఉంటుంది. జలుబుకూ, మామూలు నీళ్ల విరేచనాలకూ యాంటీబయాటిక్ అడిగేవాళ్లు "ఇందులో తోడు కూడా ఉందట, ఏం కాదట" అని ధైర్యంగా మింగుతున్నారు. పిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాల్లో ఎక్కువభాగం వైరస్ వల్ల వచ్చేవే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. భీమవరంలో పుట్టి, ప్రేగు జబ్బు స్ప్రూకు తన సోదరులను పోగొట్టుకున్న మన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అంత కష్టపడి సంపాదించిన మందులను అనవసరంగా వాడి మొద్దుబారేలా చేసుకోవద్దు. తోడు ఇచ్చామన్న ధైర్యంతో అనవసరమైన యాంటీబయాటిక్ అవసరమైనది అయిపోదు.

రోగనిరోధక శక్తి పెరుగుతుందా?

ప్రేగుల్లోని బాక్టీరియాకూ రోగనిరోధక శక్తికీ సంబంధం ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. 2004లో కుందేళ్ల మీద చేసిన ఒక ప్రయోగంలో, బాసిల్లస్ సటిలిస్ అనే స్పోరు బాక్టీరియాను మరొక ప్రేగు బాక్టీరియాతో కలిపి ఇచ్చినప్పుడు వాటి ప్రేగుల్లోని రక్షణ కణజాలం చక్కగా ఎదిగింది. ఇలాంటి ప్రయోగాల నుంచే 'ఇమ్యూనిటీ క్యాప్సూల్' పుట్టింది.

కానీ కుందేలు ప్రయోగానికీ, మన తాతగారి దగ్గు రాకుండా ఆపడానికీ మధ్య ఎంత దూరమో చూడండి. 2015లో ఫ్రాన్స్‌లో 60 నుంచి 74 ఏళ్ల వయసున్న 100 మంది మీద బాసిల్లస్ సటిలిస్ స్పోర్లను పరీక్షించి చూశారు. లాలాజలంలో, మలంలో రక్షణ ప్రోటీన్లు పెరిగాయి. కానీ వాళ్లు జబ్బుపడిన రోజుల సంఖ్య మొత్తం మీద చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2017లో అమెరికాలో 28 మంది మీద నెలరోజులు స్పోరు క్యాప్సూల్స్‌ను పరీక్షించిన మరో అధ్యయనంలో, కొవ్వు భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే ఒక బాక్టీరియా విషపదార్థం తగ్గింది. ప్రకటనల్లో దీన్ని బాగా చెబుతారు. 28 మంది, ఒక నెల, ఒక రక్తపరీక్ష. అందులో ఎవరి జబ్బూ తగ్గిందని రుజువు కాలేదు. రక్తపరీక్షలో అంకె మారడం వేరు, మనిషి జబ్బు పడకుండా ఉండడం వేరు.

స్పోర్ల నుంచి నిజమైన వైద్యం రాదా అంటే, వచ్చింది. పెద్దాసుపత్రుల్లో ఎక్కువ యాంటీబయాటిక్స్ వాడినవారికి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి వల్ల తీవ్రమైన విరేచనాలు వస్తాయి. తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెడతాయి. ఆరోగ్యవంతుల మలం నుంచి మంచి బాక్టీరియా స్పోర్లను శుద్ధిచేసి, క్యాప్సూల్‌గా ఇచ్చి, 182 మంది రోగుల మీద పరీక్షించారు. ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్నవారిలో నూటికి 40 మందికి జబ్బు తిరగబెడితే, స్పోర్లు తీసుకున్నవారిలో 12 మందికే తిరగబెట్టింది. 2023లో అమెరికా దానికి మందుగా అనుమతి ఇచ్చింది. ఒక నిర్దిష్టమైన జబ్బు, నిర్దిష్టమైన మందు, మూడు రోజుల వాడకం, స్పష్టమైన ఫలితం. రుజువు అంటే ఇలా ఉండాలి. 'ప్రేగులకు మంచిది, ఇమ్యూనిటీకి మంచిది' అనే ప్రకటనలో వీటిలో ఒక్కటీ ఉండదు.

రోగనిరోధక శక్తి నిజంగా పెరగాలంటే టీకాలు వేయించండి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాను పరీక్షించిన మూడు కేంద్రాల్లో వేలూరు మిషన్ ఆసుపత్రి ఒకటి. 2016లో ప్రభుత్వం రోటావైరస్ టీకాను మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. 2019 నాటికి దేశమంతా విస్తరించింది. 6, 10, 14 వారాల వయసులో నోట్లో చుక్కలు వేస్తారు, ఉచితం. చిన్నపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణమైన వైరస్‌ను అడ్డుకునేది అదే.

ఇంట్లో చేయవలసినవి

1. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ కలపండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో వేయాలి. సగం సగం కలపవద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చదునుగా కొలిచి వేయండి.

2. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

3. జింకు మాత్ర 14 రోజులు ఇవ్వండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. విరేచనాలు తగ్గినా మానవద్దు. తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ రాకుండా అదే కాపాడుతుంది.

4. తల్లిపాలు ఆపవద్దు. పెద్ద పిల్లలకు గంజి, పెరుగన్నం, పలుచటి మజ్జిగ, పప్పు కట్టు, అరటిపండు పెట్టండి. పస్తు పెట్టడం పాత తప్పు.

5. షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే డబ్బాలో తియ్యటి పానీయం ఇస్తే తీసుకోకండి. అలాంటి పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

6. డాక్టరు బుడ్డి మందు రాస్తే, చెప్పినన్ని రోజులే, నోటి ద్వారానే వాడండి. ఇంజక్షన్ బుడ్డిలా కనిపిస్తుంది గానీ అది ఇంజక్షన్ కాదు. పోసే ముందు బాగా కుదపండి, తెరిచిన వెంటనే వాడెయ్యండి.

7. మలంలో రక్తం, ఆగని వాంతులు, గుంటలు పడిన కళ్లు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మగత, తాగలేకపోవడం - వీటిలో ఏ ఒక్కటి కనబడినా మందుల షాపుకు కాదు, ఆసుపత్రికి రండి. రాత్రయినా సరే.

8. మలవిసర్జన తర్వాత, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగండి. చేతులకు రాసుకునే శానిటైజర్ స్పోర్లను చంపలేదు. సబ్బూ నీళ్లూ కలిసి వాటిని కడిగేస్తాయి.

పెరుగు మాట

"మరి రోజూ ప్రేగుల ఆరోగ్యానికి ఏం తీసుకోమంటారు?" అని పెద్దవాళ్లు అడుగుతారు. పెరుగు, మజ్జిగ మానకండి. ఇంటి పెరుగులో ఏ బాక్టీరియా ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి శాస్త్రం దాన్ని ప్రోబయాటిక్ అనకపోవచ్చు. అయినా అది మంచి తిండి. మాంసకృత్తులు, కాల్షియం ఇస్తుంది, సులువుగా అరుగుతుంది. దానితో పాటు ఆకుకూరలు, చిక్కుళ్లు, కందులు పెసలు, జొన్నలు రాగులు, తొక్కతో తినగలిగే పండ్లు తినండి. బయటి నుంచి మింగిన స్పోర్లు కొన్ని రోజులు ఉండి వెళ్లిపోయే అతిథులు. మన ప్రేగుల్లో పుట్టి పెరిగిన బాక్టీరియా ఇంటివాళ్లు. వాళ్లకు కావలసిన పీచుపదార్థం మన కంచంలో నుంచే వెళ్లాలి.

పిల్లలు ప్రేమతో పంపిన డబ్బాను పారేయమని నేను అనను. దాన్ని ఓపీకి తీసుకురండి, పేరు చదివి మీ జబ్బుకు పనికొస్తుందో లేదో చెబుతాం. కానీ ఈసారి ఫోన్ చేసినప్పుడు వాళ్లతో ఒక మాట చెప్పండి: మాకు క్యాప్సూల్స్ కంటే ఇంటికి మంచినీళ్ల ఫిల్టరు, వీధి చివర మురుగు కాలువకు మూత ముఖ్యం అని.

సంఘ కుటుంబాలకు నా మనవి ఒక్కటే. ప్రతి ఇంట్లో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక జింకు మాత్రల స్ట్రిప్పు ఎప్పుడూ ఉంచండి. గడువు తేదీ చూసి మార్చుకోండి. పక్కింటి బిడ్డకు అవసరమైతే ఇవ్వండి, ఎలా కలపాలో చూపించండి. మన ఆసుపత్రి మందుల కౌంటర్ దగ్గర కలిపి చూపమని అడిగితే సిస్టర్లు చూపిస్తారు. సిగ్గుపడకుండా అడగండి.